యాభైనాలుగో ఏట ఈత పాఠాలు

కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి "నీకు ఈత వచ్చునా?" అని అడిగితే కోపం రావడం సహజం. మాది తోట్లవల్లూరు. ఉయ్యూరులో దిగి కృష్ణ వైపు వస్తే మా ఊరు. కరకట్ట దాటితే నది, నదిలో లంకలు, లంకల్లో అరటి, పసుపు, కంద. మా ఊళ్ళో పిల్లలకు నడక ముందు వస్తుందా, ఈత ముందు వస్తుందా అన్నది తేల్చుకోవలసిన విషయమే.

మేము ఈత నేర్చుకున్నది అరటి బొందల మీద. గెల కొట్టేసిన చెట్టును రెండు మూరల ముక్కలుగా నరికి, ఆ ముక్కను చంకల కింద పెట్టుకుని కాళ్ళు కొట్టుకుంటూ పోవడమే. నాలుగు రోజులకు రెండు చేతులతో పట్టుకున్న బొందను ఒక్క చేత్తో పట్టుకునేవాళ్ళం. నెల తిరిగేసరికి బొంద ఒక దారిని, మేమొక దారిని.

ఈత వచ్చిన తరువాత మునక పోటీలు. ఒడ్డున ఒకడు కూర్చుని అంకెలు లెక్కపెట్టేవాడు. ఎవడు ఎక్కువసేపు ఊపిరి బిగబట్టి నీళ్ళలో ఉంటే వాడే మొనగాడు. నేను తొంభై దాకా ఉండేవాణ్ణి. లెక్కపెట్టేవాడు ఎంత వేగంగా లెక్కపెట్టేవాడో ఇప్పుడు చెప్పలేను గాని, తొంభై మాత్రం నిజం.

ఈ తొంభై అంకె నాతోపాటే పెద్దదైంది. ఉద్యోగరీత్యా విశాఖపట్నం చేరాను, పెళ్ళయింది, పిల్ల పుట్టింది, తల నెరిసింది. తొంభై మాత్రం చెక్కు చెదరలేదు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు ఊరు వెళ్ళినప్పుడు, అందరూ మూడు మునకలు వేసి ఒడ్డెక్కుతూ ఉంటే, నేను ఒకే మునక వేసి లోపలే ఉండిపోయాను. మా ఆవిడ ఒడ్డున కంగారు పడుతోందని తెలుసు. అందుకే ఇంకో నాలుగు అంకెలు ఎక్కువ ఉన్నాను. పైకి వచ్చాక ఆవిడ నన్ను ఏమన్నదో పత్రికలో రాయదగినది కాదు. మా అమ్మాయి మాత్రం నవ్వి, "కృష్ణలో కాదు నాన్నా, నీ ప్రతాపం సముద్రంలో చూడాలి" అన్నది.

అన్నమాట నిలబెట్టుకుంది. 2019 జనవరిలో, చదువు పూర్తయి మొదటి ఉద్యోగంలో చేరిన పిల్ల, తన జీతం డబ్బుతో మా ఇద్దరికీ రుషికొండలో స్కూబా డైవింగుకు పేర్లు ఇచ్చి వచ్చింది. మా ఆవిడ, "యాభైనాలుగేళ్ళు వచ్చాయి. వీపున సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దూకుతారా! ఇంట్లో గ్యాసు సిలిండరు మార్చమంటే నడుం నొప్పి అంటారుగా!" అన్నది. వాదన బలమైనదే. కాని కూతురి ముందు తండ్రికి నడుం నొప్పి ఉండదు.

తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. స్కూబా అంటే మనిషి తన గాలి తానే మోసుకుపోయి నీటి అడుగున పీల్చుకునే ఏర్పాటు. సిలిండరులో ఉండేది ఆక్సిజను అని నేను కూడా అనుకునేవాణ్ణి. కాదు, మనం ఇప్పుడు పీలుస్తున్న మామూలు గాలే. దాన్ని బాగా అదిమి నింపుతారు. సుమారు 2,200 లీటర్ల గాలి ఒక సిలిండరులో పడుతుంది. ఆ గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. అంత ఒత్తిడితో ఉన్న గాలిని తిన్నగా నోట్లోకి వదిలితే మనిషి ఉండడు. పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడేటట్టు గాలిని ఇచ్చే కవాటాన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు. ఒకడు నౌకాదళ అధికారి, ఒకడు ఇంజనీరు. ఇప్పుడు మనలాంటి గుమాస్తాలు కూడా చేపల మధ్య తిరగగలుగుతున్నామంటే వారి చలవే.

మాకు పాఠం చెప్పినవాడు ముప్పై ఏళ్ళ కుర్రాడు. "ఈత వచ్చా సార్?" అని అడిగాడు.

నేను నవ్వాను. "మాది కృష్ణ ఒడ్డు."

"అయితే మీతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు. "ఈత రానివాళ్ళు చెప్పినట్టు చేస్తారు సార్. వచ్చినవాళ్ళు తమకు వచ్చినదే చేస్తారు."

నాకు ఆ మాట నచ్చలేదు. మరీ మొదటి సూత్రం అసలు నచ్చలేదు. "నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టకూడదు. పీలుస్తూ వదులుతూ ఉండాలి. మిగతావన్నీ మరచిపోయినా ఇది మాత్రం మరవకండి" అన్నాడు. నా తొంభై అంకె ఎందుకూ కొరగాని చోటికి వచ్చానన్నమాట!

ఎందుకు బిగబట్టకూడదో కూడా చెప్పాడు. 1662లో బాయిల్ ప్రకటించిన సూత్రం మనం హైస్కూల్లో కంఠతా పట్టి పరీక్ష రాసి మరచిపోయినదే. ఒత్తిడి పెరిగితే వాయువు కుంచించుకుపోతుంది, తగ్గితే వ్యాకోచిస్తుంది. సముద్రంలో పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు. కృష్ణలో నేను ఒడ్డున పీల్చిన గాలితో మునిగితే, లోపల అది చిక్కిపోతుంది, పైకి వస్తే మళ్ళీ ఎప్పటంత అవుతుంది. నష్టం లేదు. కాని పది మీటర్ల అడుగున సిలిండరు నుంచి గుండె నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే, అదే గాలి రెండింతలు అవుతుంది. ఊపిరితిత్తులు ఎక్కడికి పోతాయి? చిరుగుతాయి. రెండు మూడు మీటర్ల లోతు నుంచి వచ్చినా ప్రమాదమేనట. మొనగాడి లక్షణం అనుకున్నది ఇక్కడ ప్రాణం తీసే లక్షణం.

అంతా విన్నాను. తల ఊపాను. విన్నది తలలో ఉంది. దేహం మాత్రం తోట్లవల్లూరులోనే ఉండిపోయింది.

ముఖానికి అద్దం, నోట్లో రెగ్యులేటరు, ఒంటికి గాలి నింపే చొక్కా, నడుముకు సీసపు దిమ్మలు, కాళ్ళకు బాతు పాదాల వంటి రబ్బరు తొడుగులు. ఆ వేషంలో మా ఆవిడ నన్ను చూడకపోవడమే మంచిదైంది. పాఠం చెప్పే కుర్రాడు మధ్యన, అటు మా అమ్మాయి, ఇటు నేను. తాడు పట్టుకుని మెల్లగా దిగాము. చెవులు పోటు పెట్టినప్పుడల్లా ముక్కు మూసి గాలి నెమ్మదిగా ఊదమన్నాడు, ఊదాను. నా ఊపిరి చప్పుడు కొలిమి తిత్తిలా వినిపిస్తోంది.

అడుగున ఇసుక, రాళ్ళు, రాళ్ళ పక్కన చారల చేపలు. నీళ్ళు కొంచెం మసకగానే ఉన్నాయి గాని, ఆ మసకలోనే ఒక చేపల గుంపు మా ముందునుంచి వెండి దుప్పటిలా మళ్ళింది. నాకు ఆనందం పట్టలేక బొటనవేలు పైకెత్తి "భేష్" అన్నట్టు చూపించాను. కుర్రాడు వెంటనే నన్ను పైకి తీసుకుపోవడం మొదలుపెట్టాడు! నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే "పైకి పోదాం" అని అర్థం. అంతా బాగుందనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్ముద్ర పట్టాలి. పొరపాటు గ్రహించి ముద్ర పట్టాను. అమ్మాయి భుజాలు కదులుతున్నాయి. నోట్లో గొట్టం పెట్టుకుని కూడా నవ్వవచ్చునని అప్పుడే తెలిసింది.

ఇంతవరకూ నవ్వులాటే. తరువాత జరిగినది నవ్వులాట కాదు.

నా మీసం మీద అద్దం సరిగా అతకలేదు. సందులోంచి నీళ్ళు కొద్దికొద్దిగా లోపలికి చేరి ముక్కు దాకా వచ్చాయి. అద్దంలోకి నీళ్ళు వస్తే ఏం చెయ్యాలో ఒడ్డున చెప్పారు: తల కొంచెం పైకెత్తి, అద్దం పైఅంచు నుదుటికి అదిమిపట్టి, ముక్కుతో గాలి బయటికి వదలాలి. ఆ గాలి నీళ్ళను కింది అంచునుంచి నెట్టేస్తుంది. ఒడ్డున విన్నప్పుడు దానికంటే సులువైన పని లేదనిపించింది. ఆరు మీటర్ల అడుగున, ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయేసరికి నాకు ఆ మాటల్లో ఒక్కటీ జ్ఞాపకం రాలేదు. జ్ఞాపకం వచ్చినది ఒక్కటే, చిన్నప్పుడు వేయిసార్లు చేసినది. ఊపిరి బిగబట్టాను. పైకి తన్నుకోబోయాను. చేతికి ఏది అందితే దాన్ని పట్టుకున్నాను.

అందినది మా అమ్మాయి చెయ్యి.

పట్టుకోవడం కాదు, పీక్కున్నాను. మరో చేత్తో దాని భుజం మీద గాలి గొట్టం పట్టుకుని లాగాను. ఆ గొట్టం పిల్ల నోట్లోంచి ఊడిపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను. పాఠం చెప్పే కుర్రాడు మా ఇద్దరి మధ్యకు వచ్చి, నా చొక్కా పట్టి ఆపి, నా గుండె మీద అరచేత్తో తట్టాడు. ఊపిరి వదలమని. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారికి వదిలాను. బుడగలు పైకి పోవడం కళ్ళారా చూశాను. అప్పుడు మెల్లగా మమ్మల్ని పైకి తెచ్చాడు.

ఒడ్డున అమ్మాయి ఏమీ అనలేదు. "బాగానే ఉన్నావా నాన్నా?" అని అడిగిందంతే. ఇంటికి వచ్చాక, అన్నం తింటూ ఉండగా, దాని ముంజేతి మీద నాలుగు గోళ్ళ గుర్తులు కనిపించాయి. పిల్ల చూసుకుని చున్నీ ఇటు లాక్కుంది. నాకు ముద్ద దిగలేదు.

ఇక్కడ నేనొక సంగతి చెప్పాలి. చెప్పి నలభై ఏళ్ళయింది.

1979 ఎండాకాలం. నాకు పద్నాలుగేళ్ళు. ఎండాకాలంలో మా దగ్గర కృష్ణ అంతా ఇసుక తిన్నెలే. ఇసుక మధ్య అక్కడక్కడా లోతైన మడుగులు. మా మేనత్త కొడుకు, మాకందరికీ బావ, ఊరికంతకీ పెద్ద ఈతగాడు. నిండు నదిలో లంకకు ఈదుకుంటూ పోయి, అరటిపండ్లు తిని, తిరిగి ఈదుకుంటూ వచ్చేవాడు. ఒక పెళ్ళికి వచ్చిన పిల్లవాడు స్నానానికని దిగి మడుగులోకి జారిపోయాడు. మా బావ ఒక్క క్షణం ఆలోచించలేదు. దూకాడు. పిల్లవాణ్ణి అందుకున్నాడు. ఆ పిల్లవాడు భయంతో బావ మెడ కావలించుకున్నాడు. రెండు కాళ్ళూ నడుముకు చుట్టాడు. ఇద్దరూ మునిగారు.

పడవ నడిపే తాత గడ వేసుకుని వచ్చేసరికి పిల్లవాడికి ప్రాణం ఉంది. మా బావకు లేదు.

ఆనాడు తాత ఒడ్డున కూర్చుని అన్న మాట నాకింకా వినిపిస్తుంది. "ఈత చాలక పోలేదయ్యా. పట్టుకున్న చేతులు విడక పోయాడు. మునిగేవాడి చేతికి ఎప్పుడూ దొరక్కూడదు."

ఇన్నేళ్ళూ నేను ఆ కథలో బావ పక్షాన ఉన్నాననుకున్నాను. ఎవరైనా మునిగితే దూకే పక్షాన. రుషికొండలో తేలినది వేరు. నేను మెడకు చుట్టుకునే పిల్లవాడి పక్షం. నా చేతికి దొరికినది నా కన్నబిడ్డ.

మరునాడు ఆ కుర్రాడి దగ్గరకు ఒక్కణ్ణే వెళ్ళాను. "నేను ఇక మానెయ్యాలా, నేర్చుకోవాలా?" అని అడిగాను. అతను మొగమాటపడకుండా, "ముందు డాక్టరుకు చూపించుకోండి. తరువాత నేర్చుకోండి. మీకు ధైర్యం తక్కువై కాదు సార్. మీ చేతులకు పని తెలియక" అన్నాడు.

సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడే అభ్యాసం మొదలుపెట్టాను. మా ఇంటి వెనక పాత సిమెంటు తొట్టి ఒకటి ఉంది. గేదెలు ఉన్నన్నాళ్ళు వాటికి నీళ్ళు పెట్టినది. ఊరి పేరులోనే తొట్టి వినిపిస్తోంది కదా, తొట్టితోనే మొదలెడదామనుకున్నాను. అద్దం లేకుండా, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని, ముఖం నీళ్ళలో ముంచి, నోటితో పీల్చి ముక్కుతో వదలడం. ముక్కు దగ్గర నీళ్ళు ఉన్నా నోటితో ఊపిరి ఆడుతుందని దేహానికి నచ్చజెప్పడం, అంతే ఆ పాఠం. మొదటి రోజు పది ఊపిర్లకు దగ్గు. మూడోనాటికి యాభై. పండుగ వెళ్ళేనాటికి రెండువందలు. వెనక ఎవరైనా ఉండగానే చేసేవాణ్ణి. ఎక్కువగా మా అమ్మే. ఎనభై ఏళ్ళ మనిషి, నులకమంచం మీద కూర్చుని, "ఒరేయ్ అబ్బాయ్, ఆ తొట్టిలో గేదెలు కూడా అంతసేపు మూతి పెట్టలేదురా" అనేది.

విశాఖలో ఈతకొలనులో వారానికి రెండు పూటలు. ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు స్కూబా అంటే సాహసం అనుకుంటారు. నేను చూసినంతలో అది సంగీత సాధన లాంటిది. సరళీ స్వరాలు లేకుండా కృతి లేదు.

మొదటి స్వరం అద్దం. అద్దంలోకి సగం దాకా నీళ్ళు వదులుకుని ఊదెయ్యాలి. తరువాత నిండా. తరువాత అద్దం పూర్తిగా తీసేసి, ఒక నిమిషం అలాగే ఊపిరి పీలుస్తూ ఉండి, మళ్ళీ పెట్టుకుని ఊదెయ్యాలి. తొందరపడితే సగం నీళ్ళు లోపలే ఉంటాయి. పాట పాడినట్టు నెమ్మదిగా, చివరిదాకా వదిలితేనే అద్దం తేటపడుతుంది. మీసాన్ని ముక్కు కింద ఒక బద్ద గొరిగించాను. మా ఆవిడ ముప్పై ఏళ్ళుగా అడుగుతున్న పని సముద్రుడు చేయించాడు.

రెండోది నోటి గొట్టం ఊడిపోతే వెతుక్కోవడం. కుడివైపుకు వంగి, కుడిచెయ్యి తొడ వెంట వెనక్కి పోనిచ్చి, పెద్ద సున్నా చుట్టినట్టు ముందుకు తెస్తే గొట్టం చేతిమీదకే వస్తుంది. ఆ లోపల పెదవుల మధ్య సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి. గొట్టం నోట్లో లేనప్పుడు కూడా ఊపిరి బిగబట్టకూడదన్నమాట. ఈ సన్నని బుడగలు నాకు పదిహేను పూటలు పట్టాయి. తొంభై అంకెలవాణ్ణి కదా!

మూడోది నీళ్ళలో నిలకడ. ఇది అందరికంటే నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. అడుగున పడిపోకుండా, పైకి తేలిపోకుండా, చేతులు ఆడించకుండా, మధ్యలో ఊరికే ఉండాలి. మొదట్లో సీసం ఎక్కువ కట్టుకుని, మునిగిపోతున్నానని చొక్కాలోకి గాలి నింపి, తేలిపోతున్నానని గాలి తీసి, కొలనులో బిందెలా పైకీ కిందికీ పోయేవాణ్ణి. కుర్రాడు సీసం దిమ్మలు ఒక్కొక్కటే తీయించాడు. అప్పుడు తెలిసింది రహస్యం. గాలి చొక్కా ఉజ్జాయింపుగానే ఆపుతుంది. మిగతా తూకమంతా ఊపిరిలో ఉంది. గుండె నిండా పీలిస్తే ఒకటి రెండు క్షణాలు ఆగి జానెడు లేస్తాము. వదిలితే జానెడు దిగుతాము. ఆ ఒకటి రెండు క్షణాలు ఓపిక పట్టడమే విద్య. ఓపిక లేనివాడు లేవలేదనుకుని ఇంకా పీలుస్తాడు, తరువాత ఒక్కసారిగా లేస్తాడు.

నాలుగోది గాలి పంచుకోవడం. ప్రతివాడి దగ్గరా రెండో నోటి గొట్టం, పచ్చటిది, ఎదురుగా ఉంటుంది. అది తనకోసం కాదు, పక్కవాడి కోసం. పక్కవాడి గాలి అయిపోతే గొంతు దగ్గర చెయ్యి అడ్డంగా ఆడించి చూపిస్తాడు. మనం పచ్చగొట్టం అందించి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కళ్ళలోకి చూసుకుంటూ, ఊపిరి వదులుతూ మెల్లగా పైకి పోవాలి. ఇందులో చెయ్యి పట్టుకోవడం ఉంది. కాని అది వేరే పట్టు. మునిగేవాడి పట్టు కాదు, పెళ్ళిపీటల మీది పట్టు.

ఇవన్నీ ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు. విసుగు పుట్టేదాకా చేశాను. విసుగు పుట్టినప్పుడు కుర్రాడు, "ఇప్పుడు బాగుంది సార్. భయపడే పని విసుగు పుట్టించే పని అయిందంటే చేతికి వచ్చినట్టు" అన్నాడు. ఆ తరువాత సముద్రంలో వాళ్ళు పెట్టే పరీక్షలు నాలుగు మునకలు. పద్దెనిమిది మీటర్ల దాకా, తోడు మనిషితో వెళ్ళవచ్చునని కార్డు ఇచ్చారు. పెన్షను కాగితాల పక్కన దాచుకున్నాను.

2019 డిసెంబరులో మళ్ళీ మా అమ్మాయితో దిగాను. అదీ ఈ మధ్యలో నాతోపాటే నేర్చుకుంది. దిగేముందు ఒకరి పట్టీలు ఒకరు చూసుకున్నాము. నా అద్దం దగ్గరకు వచ్చేసరికి పిల్ల మీసం కేసి చూసి నవ్వింది.

పన్నెండు మీటర్ల దగ్గర ఉన్నాము. మాతో వచ్చినవాళ్ళలో ఒకాయన నా ముందు గబుక్కున మళ్ళాడు. ఆయన కాలి రబ్బరు తొడుగు నా అద్దానికి తగిలి అది పక్కకు ఒరిగింది. ఒక్కసారిగా ముఖమంతా ఉప్పునీళ్ళు. కళ్ళు మండాయి. ఏమీ కనిపించలేదు. గుండె గొంతులోకి వచ్చింది. ఏడాది సాధన చేశాను గనుక భయం వెయ్యలేదు అని రాస్తే బాగుంటుంది గాని, అబద్ధం అవుతుంది. భయం వేసింది. మొదటిసారి ఎంత వేసిందో అంతా వేసింది. నా కుడిచెయ్యి దానంతట అదే పక్కకు పోయింది, మా అమ్మాయి ఉన్న వైపు.

జానెడు పోయి ఆగింది.

అక్కడినుంచి వెనక్కి తిరిగి ముఖం మీదకు వచ్చింది. అద్దం సర్దింది. పైఅంచు అదిమింది. తల పైకి లేచింది. ముక్కు పాట పాడినట్టు గాలి వదిలింది. ఒకసారికి సగం పోయాయి. రెండోసారికి తేటపడింది. కళ్ళు విప్పితే ఎదురుగా అమ్మాయి, చేతికి అందేటంత దూరంలో, పచ్చగొట్టం అందించడానికి సిద్ధంగా పట్టుకుని ఉంది. నేను చిన్ముద్ర పట్టాను. అదీ పట్టింది.

పైకి పోయే ముందు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఒంట్లో కరిగిన నత్రజని నిదానంగా బయటికి పోవడానికి. ఆ మూడు నిమిషాలూ ఇద్దరం ఎదురెదురుగా, దేనినీ పట్టుకోకుండా, ఊపిరితో జానెడు లేస్తూ జానెడు దిగుతూ ఉన్నాము.

పడవ ఎక్కాక పిల్ల తల తుడుచుకుంటూ అన్నది: "నీ చెయ్యి నా వైపు రావడం చూశాను నాన్నా."

"ఊఁ" అన్నాను.

"వెనక్కి పోవడం కూడా చూశాను."

ఇంకేమీ అనలేదు. నేనూ అనలేదు.

2020 సంక్రాంతికి తోట్లవల్లూరు వెళ్ళాను. కట్ట కింద కాలువ రేవులో కుర్రాళ్ళు మునక పోటీలు పెట్టుకున్నారు. ఒకడు ఒడ్డున కూర్చుని అంకెలు లెక్కపెడుతున్నాడు, మా వాడిలాగే, బహు వేగంగా. నేను వాళ్ళకు ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక ఇరవై లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యాను తెచ్చి, విసరడానికి బరువు కోసం అడుగున కాసిని నీళ్ళు పోసి, మూత బిగించి, దాని చెవికి పొడుగాటి తాడు కట్టాను. "ఎవరైనా మునిగితే ఏం చేస్తార్రా?" అని అడిగాను. అందరూ ఒక్క గొంతుతో, "దూకుతాం!" అన్నారు.

"దూకవద్దు. మునిగేవాడి చేతికి ఇది దొరకాలి, మీరు దొరకకూడదు. కేకపెట్టి పెద్దల్ని పిలవండి. క్యాను వాడి తలకు అవతల పడేటట్టు విసిరి, తాడు వాడి మీదుగా లాగండి. అందేటంత దగ్గరుంటే గడ అందించండి" అన్నాను. ఒకణ్ణి నీళ్ళలో మునిగేవాడి వేషం కట్టించి ఒక్కొక్కడి చేతా విసిరించాను. మొదటివాడు తన కాళ్ళకే తాడు చుట్టుకున్నాడు. రెండోవాడి క్యాను గట్టు మీదే పడింది. ఇరవై విసుర్లకు ఒకడికి గురి కుదిరింది.

ఆ క్యాను రేవు పక్కన చెట్టుకు కట్టి ఉంటుంది. పండుగకు వెళ్ళినప్పుడల్లా తాడు మారుస్తాను. కుర్రాళ్ళు మారుతూ ఉంటారు, మళ్ళీ మొదటినుంచి విసిరిస్తాను. "ఎన్నిసార్లు విసరాలి తాతా?" అని అడుగుతారు.

"విసుగు పుట్టేదాకా" అంటాను.